ఐఎస్ఓ 14001 రివ్యూ: తడ దగ్గర పుట్టే మన ఫోన్లకి ఈ స్పెక్ ఎందుకు?

రెడ్‌మీ 2 ప్రైమ్ గుర్తుందా? 4.7 అంగుళాల స్క్రీన్, స్నాప్‌డ్రాగన్ 410, 2 జీబీ ర్యామ్, ధర రూ. 6,999. 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో లాంచ్ అయింది. షావోమీ ఇండియాలో తయారుచేసిన మొదటి ఫోన్ అదే. దాన్ని అసెంబుల్ చేసింది ఫాక్స్‌కాన్, శ్రీసిటీలో. అంటే మన తడ పక్కన.

అప్పట్లో అందరూ కెమెరా ఎలా ఉంది, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది అనే అడిగారు. సహజమే, మనం చేసేది ఆ పనే కదా. ఈసారి మాత్రం ఫోన్‌ని కాకుండా, ఫోన్ పుట్టే ఫ్యాక్టరీ గోడ మీద ఫ్రేమ్ కట్టి వేలాడే ఒక కాగితాన్ని రివ్యూ చేద్దాం అనుకున్నాను. కంపెనీల వెబ్‌సైట్లలో, సస్టైనబిలిటీ రిపోర్టుల్లో, ఉద్యోగ ప్రకటనల్లో కూడా "మేం ఐఎస్ఓ 14001 సర్టిఫైడ్" అని కనిపిస్తుంది. అది నిజంగా పనిచేసే ఫీచరా, లేక "ఏఐ కెమెరా" లాంటి స్టిక్కరా? చూద్దాం.

నేను సూళ్లూరుపేట వైపు వాణ్ణి కాబట్టి నాకు ఇది కొంచెం సొంత విషయం కూడా. 2022లో జిల్లాల విభజనతో సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి గానీ, మాటల్లో మాది ఇంకా నెల్లూరు తీరమే. ఒకవైపు శ్రీసిటీ, ఇంకోవైపు పులికాట్. మా క్లాస్‌మేట్లలో కొందరు కంపెనీ బస్సెక్కి షిఫ్ట్‌కి వెళ్తారు, కొందరి ఇళ్ళలో ఇప్పటికీ పడవ మీదే బతుకు.

ముందు స్పెక్స్ చూద్దాం

ఎలక్ట్రానిక్స్ లోకంలో ఈఎంఎస్ అంటే ఫాక్స్‌కాన్, డిక్సన్ లాంటి కాంట్రాక్ట్ తయారీ కంపెనీలు. మనం మాట్లాడుకునేది ఇంకో ఈఎంఎస్: ఎన్విరాన్‌మెంటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. తెలుగులో పర్యావరణ నిర్వహణ వ్యవస్థ.

పేరు పెద్దది గానీ లాజిక్ చాలా సింపుల్. నువ్వు చేసే పని వల్ల గాలికి, నీటికి, నేలకి ఏం జరుగుతోందో ఒక లిస్టు రాయి. అందులో ముఖ్యమైనవి ఏవో తేల్చు. తగ్గించడానికి టార్గెట్ పెట్టుకో. ఎవరు బాధ్యులో రాయి. చేసి చూపించు. కొలువు. తప్పితే ఎందుకు తప్పిందో కనుక్కుని సరిచెయ్యి. మళ్ళీ మొదటికి రా. ప్లాన్, డూ, చెక్, యాక్ట్ అనే నాలుగు అడుగుల లూప్ ఇది. యాప్ అప్‌డేట్ల సైకిల్ లాంటిదే అనుకోండి. బగ్ రిపోర్ట్, ఫిక్స్, టెస్ట్, రిలీజ్.

దీనికి ప్రపంచమంతా వాడే ప్రమాణం ఐఎస్ఓ 14001. మొదటి వెర్షన్ 1996లో వచ్చింది. 2004లో ఒక అప్‌డేట్, 2015లో పెద్ద అప్‌డేట్. ఆ 2015 వెర్షన్‌లో రెండు మార్పులు ముఖ్యం. ఒకటి, బాధ్యత ఎన్విరాన్‌మెంట్ ఆఫీసర్ మీద తోసెయ్యకుండా పై యాజమాన్యమే తీసుకోవాలి. రెండు, ఫ్యాక్టరీ గోడల లోపలే కాకుండా ముడిసరుకు నుంచి పారేసేదాకా వస్తువు జీవితమంతా ఆలోచించాలి. 2024లో వాతావరణ మార్పుని కూడా లెక్కలోకి తీసుకోవాలని చిన్న ప్యాచ్ ఇచ్చారు.

సర్టిఫికెట్ ఇచ్చేది ఐఎస్ఓ కాదు. ఐఎస్ఓ రూల్స్ మాత్రమే రాస్తుంది. బయటి ఆడిట్ సంస్థలు వచ్చి తనిఖీ చేసి ఇస్తాయి. ఆ ఆడిట్ సంస్థలకి గుర్తింపు ఇవ్వడానికి మన దేశంలో ఎన్‌ఏబీసీబీ అనే బోర్డు ఉంది. మామూలుగా సర్టిఫికెట్ మూడేళ్ళు చెల్లుతుంది, మధ్యలో ఏటా ఒకసారి వచ్చి చూస్తారు.

శ్రీసిటీలో దీనికి పనేంటి?

ఫోన్ అసెంబ్లీ ఫ్యాక్టరీకి పొగ గొట్టం ఉండదు. తెల్లటి బిల్డింగ్, ఏసీ హాలు, తలకి టోపీలు పెట్టుకున్న అమ్మాయిలు. "ఇక్కడ కాలుష్యం ఏముంది బ్రో?" అనిపిస్తుంది. లిస్టు రాయడం మొదలుపెడితే తెలుస్తుంది. బోర్డుల మీద చిప్స్ అతికించేటప్పుడు వచ్చే సోల్డర్ పొగ. బోర్డులు తుడిచే ఆల్కహాల్, ఆ తుడిచిన గుడ్డలు. టెస్టింగ్‌లో ఫెయిలైన బ్యాటరీలు. ప్లాస్టిక్ ట్రేలు, అట్టపెట్టెలు. రోజంతా ఆగకుండా తిరిగే ఏసీలు, కరెంటు పోతే డీజిల్ జనరేటర్లు. వేలమంది తినే క్యాంటీన్, వాడే బాత్రూముల మురుగునీరు. ఒక్కొక్కటి చిన్నదే, కానీ వేలమంది పనిచేసే చోట ఏదీ చిన్నది కాదు.

ఈ నేల వాలు తూర్పుకి. కాళంగి నది వెళ్ళి కలిసేది పులికాట్‌లోనే. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. చలికాలం ఫ్లెమింగోలు దిగేది ఇక్కడే, పక్కనే నేలపట్టులో గూడబాతులు పిల్లల్ని పెట్టేదీ ఇక్కడే. చేపలు, రొయ్యలు, పీతల మీద బతికే ఊళ్ళు చుట్టూ ఉన్నాయి. అందుకే ఫ్యాక్టరీ లోపల ఆ లిస్టు సరిగ్గా రాశారా లేదా అన్నది మా వైపు సిద్ధాంత చర్చ కాదు.

ఇంకో కోణం కరెంటు. ఫ్యాక్టరీ శుభ్రంగానే ఉండొచ్చు, కానీ గ్రిడ్‌లోకి వచ్చే కరెంటు ఎక్కడిది? ఇదే తీరంలో కొంచెం పైకి వెళ్తే కృష్ణపట్నం. అక్కడ నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది, ఒక్కోటి 800 మెగావాట్ల యూనిట్లు మూడు. పక్కనే ప్రైవేటు బొగ్గు ప్లాంట్లు. మన ఫోన్ ఫ్యాక్టరీ సర్టిఫికెట్ ఆ బూడిదని కవర్ చెయ్యదు. కానీ 2015 వెర్షన్ చెప్పిన "జీవితమంతా ఆలోచించు" అనే మాట నిజంగా పాటిస్తే, యాజమాన్యం ఆ ప్రశ్న కూడా తనని తాను అడగాలి. పైకప్పు మీద సోలార్ పెట్టడం లాంటివి అలా వచ్చేవే.

కంపెనీలు ఎందుకు తీసుకుంటాయి?

మొదటి కారణం, కొనేవాడు అడుగుతాడు. 1999లో ఫోర్డ్, జనరల్ మోటార్స్ తమకి విడిభాగాలు ఇచ్చే కంపెనీలన్నీ ఐఎస్ఓ 14001 తెచ్చుకోవాల్సిందే అన్నాయి. గడువు కూడా పెట్టాయి. దాంతో చిన్న చిన్న సప్లయర్లు కూడా పరిగెత్తారు. పర్యావరణం మీద ప్రేమ పుట్టి కాదు, ఆర్డర్ పోతుందని. ఈరోజు ఎలక్ట్రానిక్స్‌లోనూ అంతే. పెద్ద బ్రాండ్‌కి ఛార్జర్ కేబుల్ అమ్మాలంటే, ఆడిట్ ఫారంలో మొదటి పేజీల్లోనే ఈ ప్రశ్న ఉంటుంది.

రెండోది, ఒక్క దెబ్బకి జరిగే నష్టం. గేమర్స్‌కి ఈ కథ నచ్చుతుంది. 2001లో క్రిస్మస్ సీజన్ ముందు నెదర్లాండ్స్ అధికారులు సోనీ పీఎస్ వన్ కన్సోల్స్‌ని ఆపేశారు. సుమారు 13 లక్షల బాక్సులు. ఎందుకో తెలుసా? కేబుల్స్‌లో కాడ్మియం అనుమతించినదానికంటే ఎక్కువ ఉంది. కన్సోల్ బాగానే ఉంది, గేములు బాగానే ఉన్నాయి. ఎక్కడో సప్లయర్ దగ్గర తయారైన ఒక వైరు మొత్తం పండగ సేల్‌ని ముంచేసింది. ఆ తర్వాత సోనీ తన సప్లయర్లని పర్యావరణ కోణంలో ఆడిట్ చెయ్యడానికి "గ్రీన్ పార్ట్‌నర్" అనే పద్ధతి తెచ్చింది. 2006లో యూరప్ రోహెచ్ఎస్ నిబంధనలు అమల్లోకి వచ్చేసరికి సీసం, పాదరసం, కాడ్మియం లెక్కలు అందరికీ తప్పనిసరి అయ్యాయి.

మూడోది డబ్బు మిగులు. కొలవడం మొదలుపెడితే ఎక్కడ వృథా అవుతోందో కనిపిస్తుంది. రాత్రంతా ఖాళీగా తిరిగే కంప్రెసర్, లీకయ్యే పైపు, అవసరం లేని ప్యాకింగ్. ఫోన్‌లో బ్యాటరీ యూసేజ్ పేజీ ఓపెన్ చేస్తే ఏ యాప్ తినేస్తోందో తెలిసినట్టే.

నాలుగోది చట్టం, పెట్టుబడి. మన రాష్ట్రంలో ఫ్యాక్టరీ కట్టడానికి ఒకటి, నడపడానికి ఒకటి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు కావాలి. వీటి షరతులు గుర్తుపెట్టుకుని సమయానికి పాటించడానికి ఈఎంఎస్ ఒక క్యాలెండర్‌లా పనికొస్తుంది. స్టాక్ మార్కెట్‌లో పై వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే రిపోర్టు ఇవ్వాలని సెబీ తప్పనిసరి చేసింది. అందులో కరెంటు, నీళ్ళు, వ్యర్థాల లెక్కలు రాయాలి. లోపల సిస్టమ్ లేకపోతే ఆ అంకెలు ఎక్కణ్ణుంచి తెస్తారు?

ఐదోది, మన అసలు టాపిక్: పేరు.

పేరు ఎలా పనిచేస్తుంది?

ఫ్యాక్టరీ లోపల ఏం జరుగుతోందో నాకు, మీకు కనిపించదు. కంపెనీకి మాత్రమే తెలుసు. అలాంటప్పుడు బయటివాడికి నమ్మకం కలగాలంటే మూడో మనిషి చూసి చెప్పాలి. సర్టిఫికెట్ చేసే పని అదే. ఐపీ68 రేటింగ్ లాంటిదన్నమాట. మనం ఫోన్‌ని నీళ్ళలో ముంచి చూడం, ఆ రేటింగ్‌ని నమ్ముతాం.

అయితే ఆ నమ్మకం ఎంతవరకు నిజం? దీని మీద పరిశోధకుల్లోనే రెండు మాటలున్నాయి. మాథ్యూ పొటోస్కీ, అసీమ్ ప్రకాశ్ 2005లో అమెరికా ఫ్యాక్టరీల్ని పరిశీలించి, ఐఎస్ఓ 14001 తీసుకున్నవి చట్టాన్ని మెరుగ్గా పాటిస్తున్నాయని, కాలుష్యం తగ్గిస్తున్నాయని చెప్పారు. 2007లో ఒలివియే బొయిరాల్ కెనడాలో సర్టిఫికెట్ ఉన్న తొమ్మిది సంస్థల లోపలికి వెళ్ళి చూస్తే, చాలాచోట్ల ఆడిట్ ముందు ఫైళ్ళు సర్దుకోవడమే పండగలా జరుగుతోందని తేలింది. మనకి తెలియనిదా! ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే స్కూల్లో బెంచీలు తుడిచేవాళ్ళం కాదా. రెండు ఫలితాలూ నిజమే అయ్యుండొచ్చు. సిస్టమ్ ఒకటే, నడిపేవాళ్ళ ఉద్దేశం వేరు.

సర్టిఫికెట్ పరిధి కూడా గుర్తుపెట్టుకోండి. 2015లో ఫోక్స్‌వాగన్ డీజిల్ స్కామ్ బయటపడింది. టెస్టులో మాత్రమే పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్ పెట్టిన కార్లు ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్లు. బెంచ్‌మార్క్ యాప్ ఓపెన్ చేస్తేనే స్పీడ్ పెంచే ఫోన్లు గుర్తొచ్చాయా? అదే టెక్నిక్. ఆ కంపెనీ ఫ్యాక్టరీలకి పర్యావరణ సర్టిఫికెట్లు ఉన్నాయి. అవి ఫ్యాక్టరీ పద్ధతుల గురించి, కారు పొగ గురించి కాదు. పైన పటారం లోన లొటారం అని తెలిసిన రోజున ఆ సర్టిఫికెట్ ఏదీ పేరుని కాపాడలేకపోయింది.

విశాఖ నుంచి శ్రీసిటీ దాకా: ఎల్‌జీ

మనకి దగ్గరి కేసు ఇది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరిన్ ఆవిరి లీకైంది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆస్పత్రి పాలయ్యారు. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ రూ. 50 కోట్లు డిపాజిట్ చెయ్యమంది. ఫ్యాక్టరీకి సరైన పర్యావరణ అనుమతి లేకుండానే నడిచిన సంగతి కంపెనీ 2019లో ఇచ్చిన అఫిడవిట్ ద్వారానే బయటికొచ్చింది. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ట్యాంకు నిర్వహణలో లోపాల్ని, హెచ్చరిక సైరన్ మోగకపోవడాన్ని ఎత్తిచూపింది.

ఐఎస్ఓ 14001 పుస్తకంలో 8.2 అని ఒక సెక్షన్ ఉంది. ఎమర్జెన్సీకి సిద్ధంగా ఉండటం గురించి. ఏం జరగొచ్చో ముందే ఊహించాలి, ప్లాన్ రాయాలి, వీలైనప్పుడల్లా డ్రిల్ చేసి చూడాలి అంటుంది. ఆ రాత్రి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకి కావాల్సింది సరిగ్గా అదే. ఒక సైరన్. లాక్‌డౌన్‌లో నిద్రపోతున్న మనుషుల్ని లేపే ఒక శబ్దం. గోడ మీద కాగితానికీ బతికున్న సిస్టమ్‌కీ తేడా ఏంటి అంటే నేను చెప్పే జవాబు ఇదే.

ఎల్‌జీ పాలిమర్స్ మాతృసంస్థ ఎల్‌జీ కెమ్. మన టీవీలు, ఫ్రిజ్‌లు చేసే ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ వేరే కంపెనీ. కానీ జనానికి కనిపించేది ఒకటే పేరు, ఒకటే ఎర్ర లోగో. 2025 మే 8న, అంటే విశాఖ ఘటన జరిగి సరిగ్గా ఐదేళ్ళ ఒక రోజుకి, ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ శ్రీసిటీలో సుమారు రూ. 5,000 కోట్ల ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. ఉద్యోగాలు వస్తాయి, మా వైపు పిల్లలకి చెన్నై వెళ్ళాల్సిన పని తగ్గుతుంది. నాకు సంతోషమే. అదే సమయంలో "ఆ ఎల్‌జీయేనా?" అని అడిగే పెద్దవాళ్ళు ఊళ్ళో ఉంటారు. ఆ ప్రశ్నకి బ్రోషర్ జవాబు చాలదు. పేరు పోవడానికి ఒక్క రాత్రి చాలు, తిరిగి రావడానికి ఫ్యాక్టరీ నడిచిన ప్రతి రోజూ కావాలి.

రొయ్యలు నేర్పిన పాఠం

నెల్లూరు తీరానికి ఈ విషయం కొత్త కాదు. ఫోన్ల కంటే ముందు రొయ్యలు నేర్పాయి. ఐఎస్ఓ 14001 పుట్టిన 1996లోనే, డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథ్ కేసులో తీర్పు ఇచ్చింది. పులికాట్, చిలికా సరస్సులకి వెయ్యి మీటర్ల లోపు రొయ్యల పరిశ్రమ ఉండకూడదంది. తాగునీళ్ళు ఉప్పుబారడం, పొలాలు పాడవడం గురించి తీరం వెంట ఊళ్ళు చేసిన గొడవ ఆ తీర్పు వెనక ఉంది. తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, చెరువులకి రిజిస్ట్రేషన్ వచ్చింది.

ఎగుమతి సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాళ్ళు దొరికితే విదేశీ పోర్టులో సరుకు తిరగ్గొడతారు. తప్పు చేసింది ఒక చెరువే కావొచ్చు, మచ్చ పడేది మొత్తం ఆంధ్రా రొయ్యకి. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగే రికార్డు ఉన్నవాడు బయటపడతాడు, లేనివాడు మునుగుతాడు. సోనీ కేబుల్ కథ, మన రొయ్య కథ రెండూ ఒకటే.

ఇందులో నేను గమనించింది ఒకటుంది. చట్టం, కొనేవాడు, ఊరివాళ్ళు ముగ్గురూ గట్టిగా అడిగినచోటే సిస్టమ్ సీరియస్‌గా నడుస్తుంది. యాపిల్ విషయంలోనూ అంతే. 2011లో చైనాలో మా జున్ నడిపే సంస్థ యాపిల్ సప్లయర్ల కాలుష్యం మీద రిపోర్టు ఇచ్చింది. 2012 జనవరిలో యాపిల్ మొదటిసారి తన సప్లయర్ల లిస్టు బయటపెట్టింది. అడిగితేనే తలుపు తెరుచుకుంది.

ప్లస్‌లు, మైనస్‌లు

ప్లస్‌లు:
- కంపెనీ తన ప్రభావాన్ని కొలిచి రాసుకోవాల్సిందే
- బయటి ఆడిటర్ ఏటా వస్తాడు
- కరెంటు, నీళ్ళు, ముడిసరుకు ఖర్చు తగ్గే అవకాశం
- సప్లయర్ల దాకా ఒత్తిడి వెళ్తుంది

మైనస్‌లు:
- ఎంత కాలుష్యం వదలొచ్చో అంకె చెప్పదు, అది చట్టం పని
- టార్గెట్లు కంపెనీయే పెట్టుకుంటుంది
- ఆడిటర్‌కి ఫీజు ఇచ్చేది కూడా కంపెనీయే
- ఫ్యాక్టరీకే గానీ వస్తువుకి వర్తించదు. "ఐఎస్ఓ 14001 సర్టిఫైడ్ ఫోన్" అని ఎవరైనా అంటే నవ్వేసి ముందుకెళ్ళండి
- ఆడిట్ రిపోర్టు జనానికి చూపించాల్సిన అవసరం లేదు

మీరే చెక్ చెయ్యండి

ఉద్యోగానికి వెళ్ళేముందో, బ్రాండ్‌ని పొగిడేముందో పది నిమిషాలు పెట్టండి. సర్టిఫికెట్ దొరికితే ముందు "స్కోప్" లైను చదవండి. ఏ ఊళ్ళో ఫ్యాక్టరీ, ఏ పని? హెడ్ ఆఫీసుకి తెచ్చుకుని అన్ని ప్లాంట్లకీ ఉన్నట్టు చెప్పడం పాత ట్రిక్. గడువు తేదీ చూడండి. ఇచ్చిన సంస్థకి గుర్తింపు ఉందో లేదో ఐఏఎఫ్ సర్ట్‌సెర్చ్ సైట్‌లో వెతకండి. పర్యావరణ అనుమతి అవసరమైన పెద్ద ప్రాజెక్టు అయితే కేంద్రం పరివేశ్ పోర్టల్ చూడండి. అనుమతి షరతులు ఎలా పాటిస్తున్నారో ఆరు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలి. లిస్టెడ్ కంపెనీ అయితే బీఆర్‌ఎస్‌ఆర్ తెరిచి నీళ్ళు, వ్యర్థాల అంకెలు పోయినేడాదితో పోల్చండి. ఇంకా కావాలంటే కాలుష్య నియంత్రణ మండలికి ఆర్టీఐ పెట్టొచ్చు, ఫీజు పది రూపాయలే.

పాత ఫోన్ మీ డ్రాయర్‌లో పడుందా? 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం దాన్ని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుదే. బ్రాండ్‌ని అడగండి. ఎంత తేలిగ్గా తీసుకుంటారో చూస్తే సర్టిఫికెట్ కంటే ఎక్కువ తెలుస్తుంది.

ఫైనల్ వెర్డిక్ట్

ఐఎస్ఓ 14001 ఉండటం మంచిదే. లేని కంపెనీ కంటే ఉన్న కంపెనీకి ఒక మార్కు ఎక్కువ వేస్తాను. కానీ అది మినిమమ్ స్పెక్ మాత్రమే, ఫ్లాగ్‌షిప్ ఫీచర్ కాదు. 4 జీబీ ర్యామ్ ఉందని చెప్పినంత మాత్రాన ఫోన్ హ్యాంగ్ అవ్వదని గ్యారంటీ లేదు కదా, ఇదీ అంతే.

నా వరకు అసలు టెస్ట్ మూడు ప్రశ్నలు. అంకెలు బయటపెడుతున్నారా? తప్పు జరిగితే ఆ ఊరివాళ్ళకి ముందు చెప్పే ఏర్పాటు ఉందా? సప్లయర్ తప్పు చేస్తే "మాకు సంబంధం లేదు" అనకుండా నిలబడతారా? ఈ మూడింటికీ అవునని చెప్పగలిగిన కంపెనీకి పేరు దానంతటదే వస్తుంది, ప్రకటనలు అక్కర్లేదు.

శ్రీసిటీలో వచ్చే ఫ్యాక్టరీలన్నీ బాగా నడవాలి, వాటిలో మనవాళ్ళు పైకి రావాలి, ఫ్లెమింగోలు కూడా ఏటా దిగాలి. ఇందులో ఏదో ఒకటే ఎంచుకోమని ఎవరూ అనలేదు. మూడూ కావాలని అడగడం మన హక్కు.